లాగే బలం ఉంది, మోసే బలం చాలదు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా హాఫ్ టన్ (తేలిక తరగతి) పికప్ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. చూసిన ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనుక లాక్కెళ్లే బండి ఇల్లు) ఖాళీ బరువు 6,100, జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, 7,600. డ్రైవర్ డోర్ స్టిక్కర్ మీద మాత్రం పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు, 1,520 అని ఉంది. మేం నలుగురం. తీసుకోవచ్చా?

జవాబు: ఈ ట్రక్కుకు ఆ ట్రైలర్ వద్దు. లాగడానికి ఇబ్బంది లేదు, మోయడం దగ్గరే తేడా వస్తుంది. బ్రోషర్ అంకె దాదాపు ఖాళీ ట్రక్కులో 150 పౌండ్ల మనుషులు ఇద్దరే ఉన్నట్టు కట్టింది. మీకు అక్కరకొచ్చేది స్టిక్కర్ అంకె. మనుషులు, సామాను, హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే అమరిక), ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద మోపే టంగ్ వెయిట్ అన్నీ ఆ 1,520లోనే ఇమడాలి.

ట్రైలర్ ఖాళీ బరువు మరిచిపోండి. నీళ్లే గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 దాటుతుంది. అందుకే 7,600 మీదే లెక్క కట్టాలి. టంగ్ వెయిట్ అందులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతమంటే 988. నలుగురికి 580, ట్రక్కు తొట్టిలో సామాను 150, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90 అనుకుందాం. మొత్తం 1,808. పరిమితికి 288 ఎక్కువ.

వెనుక స్ప్రింగులకు తోడుగా ఎయిర్‌బ్యాగులు (గాలి సంచులు) వేయిస్తే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. వాటితో ట్రక్కు వెనుక భాగం లేస్తుందే గానీ స్టిక్కర్ అంకె పెరగదు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కూడా ఇరుసుల మధ్య బరువు సర్దుతుంది, అంతే. ట్రైలర్‌లో సామాను వెనక్కి జరిపి టంగ్ వెయిట్ తగ్గించడం అన్నిటికన్నా ప్రమాదం. ఎద్దుబండిలో బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది చూడండి, ఇక్కడా అదే జరిగి హైవే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది.

మీ మనుషులు, సామాను, హిచ్ పోను టంగ్‌కు మిగిలేది 700. అంటే జీవీడబ్ల్యూఆర్ 5,400 లోపు ట్రైలర్ వెతకండి. లేదా ఇంకా ఎక్కువ మోసే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కుకు వెళ్లండి. అందులో డీజిల్ తీసుకుంటే ఇంజను బరువే పేలోడ్‌ను తినేస్తుంది కాబట్టి మోడల్ పేరు నమ్మక, కొనబోయే ట్రక్కు స్టిక్కరే చదవండి. ట్రక్కు వెనుక హిచ్ దూర్చే రిసీవర్ మీద ఉండే టంగ్ పరిమితీ చూడండి.

కొన్నాక ట్రక్‌స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్‌పై మూడుసార్లు తూయండి: బరువు సర్దే హిచ్ బార్లు బిగించి, బార్లు వదిలేసి, ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే. మూడుసార్లూ అదే మనుషులు, అదే సామాను ఉండాలి. రెండోసారి ట్రక్కు రెండు ఇరుసుల మొత్తంలోంచి మూడోసారి వచ్చింది తీసేస్తే అసలు టంగ్ వెయిట్ తెలుస్తుంది. మొదటిసారి వెనుక ఇరుసు అంకెను డోర్ మీది జీఏడబ్ల్యూఆర్‌తో (ఆ ఇరుసు మోయగల గరిష్ఠ బరువుతో) పోల్చండి.