బయాలజీ ఇష్టం, డాక్టరీ వద్దు: ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అమ్మాయి పది పాసైంది, బయాలజీ అంటే ప్రాణం, డాక్టరీ మాత్రం వద్దంటోంది, ఐసర్ (సైన్స్ డిగ్రీకి, పరిశోధనకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) లాంటి చోట చేరి రీసెర్చ్ చేస్తానంటోంది. కాలేజీ పీఆర్వోలు బైపీసీలో వేయమంటున్నారు, వాళ్ల నాన్నగారు ఎంపీసీ అంటున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ చదివే వీలుంటే అదే మొదటి మాట. వీలు లేకపోతే ఎంపీసీ. బయాలజీ ఇష్టమైన పిల్లకి ఎంపీసీ ఏమిటని అనిపించొచ్చు. నేను బైపీసీ చదివి ఐసర్ తిరుపతిలో చేరినదాన్ని, అక్కడ మొదటి ఏడాది ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

మనవాళ్లు గ్రూప్‌ని ఎంట్రన్స్‌ని బట్టి ఎంచుకుంటారు. నీట్ అయితే బైపీసీ, జేఈఈ అయితే ఎంపీసీ, అంతే. సైన్స్ డిగ్రీకి ఈ లెక్క పనికిరాదు. చూడాల్సింది ఆ డిగ్రీ మొదటి ఏడాది టైమ్‌టేబుల్. ఐసర్లలో మొదటి ఏడాది ఎవరైనా సరే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ చదవాల్సిందే. మా బ్యాచ్‌కి ఇది రెండేళ్లు సాగింది. చివరికి బయాలజీలో మేజర్ చేసేవాళ్లు కూడా ఆ మ్యాథ్స్ పాసై తీరాలి. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్ కోర్సుదీ ఇదే పద్ధతి, పైగా అక్కడ ఇంటర్‌లో మ్యాథ్స్ మెయిన్ సబ్జెక్ట్‌గా లేకపోతే అప్లికేషనే పెట్టలేరు. అంటే ఒట్టి బైపీసీ తీసుకున్న రోజే ఆ తలుపు మూసుకున్నట్టు. ఐఐటీల్లోని బీఎస్ కోర్సుల్లో చాలావాటికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి, అందులో మ్యాథ్స్ ఉంటుంది కాబట్టి అక్కడా అంతే.

ఐసర్లకు బైపీసీ వాళ్లు అర్హులే, ఆ విషయంలో భయం లేదు. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్‌లలో ఏవైనా మూడు చదివి ఉంటే చాలు. కానీ ఐసర్ల ఎంట్రన్స్ అయిన ఐఏటీ పేపర్ చూడండి: 60 ప్రశ్నలు, సబ్జెక్టుకి 15 చొప్పున. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత, మొత్తం 240. మ్యాథ్స్ ముట్టుకోకపోతే మీ అమ్మాయి 180కే పరీక్ష రాస్తున్నట్టు. పక్క సీట్లో ఢిల్లీ నుంచో కేరళ నుంచో వచ్చిన సీబీఎస్ఈ పిల్ల నాలుగూ చదువుకుని 240కి రాస్తుంటుంది. ఐసర్లలాంటివే ఇంకో రెండు సంస్థలు, భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్. వాటికి రాసే నెస్ట్ అనే ఎంట్రన్స్ ఈ విషయంలో కాస్త దయగలది, నాలుగు సెక్షన్లలో బాగా వచ్చిన మూడింటినే లెక్కేస్తుంది. ఈ నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది బ్రోచర్ చూసుకోవడం మరవకండి.

ఇక అసలు సంగతి, మ్యాథ్స్.

బైపీసీలో జనాభా పెరుగుదల పాఠం ఉంటుంది. అందులో డీఎన్/డీటీ = ఆర్‌ఎన్ అని ఒక సమీకరణం, జనాభా పెరిగే వేగం అప్పటికి ఉన్న జనాభాని బట్టి ఉంటుందని దాని అర్థం. మా క్లాసులో సార్ బోర్డు మీద రాశారు, మేం నోట్సులో రాసుకున్నాం, పక్కన జె ఆకారం గ్రాఫ్ గీసుకున్నాం, బిట్ వస్తే టిక్కు పెట్టడం నేర్చుకున్నాం. ఆ 'డీ' ఏమిటని అడిగినవాళ్లు లేరు, అడిగితే చెప్పే టైమూ లేదు, రోజూ రాత్రి స్టడీ అవర్స్, వారం వారం టెస్టులు. డిగ్రీలో అదే సమీకరణంతో మొదలుపెట్టి దాన్ని సాధించమంటారు, ఆహారం చాలకపోతే ఏమవుతుందో ఇంకో పదం కలిపి రాయమంటారు, తర్వాత వేటాడే జంతువునీ తెచ్చి రెండు సమీకరణాలు జత చేయమంటారు. ఎంజైముల వేగం, న్యూరాన్‌లో కరెంటు, అంటువ్యాధి వ్యాప్తి, అన్నిటికీ అదే భాష. జన్యుశాస్త్రంలో హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం (ఒక గుంపులో జన్యు రకాల పాళ్లు లెక్కగట్టేది) మీరు వినే ఉంటారు, విప్పి చూస్తే మన ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరే. 1908లో దాన్ని ప్రకటించిన ఇద్దరిలో హార్డీ బయాలజిస్టు కాదు, మన రామానుజన్‌ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న ఆ గణిత ప్రొఫెసరే.

ఐసర్‌లో మొదటి సెమిస్టర్‌లో ఇంకో తమాషా చూశాను. ఎంపీసీలో మంచి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లు కూడా ప్రూఫ్ రాయమంటే తెల్లమొహం వేశారు. ఇంటర్ మ్యాథ్స్ అంటే మనకి లెక్క చేయడం, అక్కడ మ్యాథ్స్ అంటే ఎందుకు నిజమో చూపించడం. ఆ విషయంలో అందరం ఒకే మెట్టు మీద ఉన్నాం. కానీ వాళ్లకి చేయి తిరిగి ఉంది. ఇంటిగ్రేషన్ కనబడగానే కలం దానంతటదే కదిలేది. నేను ఒక లైన్ పూర్తి చేసేసరికి బోర్డు తుడిచేసేవారు. అదే వాళ్లు బయాలజీలో కణవిభజన, డీఎన్‌ఏ పాఠాలు కొన్ని వారాల్లో అందుకున్నారు. నేను గమనించినంతవరకు మ్యాథ్స్, ఫిజిక్స్ నుంచి బయాలజీకి రావడం సులువు, బయాలజీ నుంచి అటు వెళ్లడం కష్టం. వెంకీ రామకృష్ణన్ బరోడాలో బీఎస్సీ ఫిజిక్స్, అమెరికాలో పీహెచ్‌డీ కూడా ఫిజిక్సే చేసి, ఆ తర్వాతే బయాలజీలోకి వచ్చారు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద పనికి 2009లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. బయాలజీ చదివి తర్వాత ఫిజిక్స్‌లోకి వెళ్లినవాళ్ల పేర్లు చెప్పమంటే నేను తడుముకోవాలి.

అయినా సరే బైపీసీయే అని అమ్మాయి పట్టుబడితే, పట్టుబట్టనివ్వండి. ఇష్టం లేని గ్రూప్‌లో రెండేళ్లు కూర్చోబెట్టడం కన్నా అదే నయం. కాకపోతే పక్కన మ్యాథ్స్ నడవాలి. నేను మా అన్నయ్య పాత తెలుగు అకాడమీ పుస్తకాలతో నెట్టుకొచ్చాను. అన్నీ వరసగా చదవక్కర్లేదు. 1బీలో అవధులు, అవకలనం, 2బీలో సమాకలనం, అవకల సమీకరణాలు, 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, 2ఏలో ప్రస్తారాలు, సంభావ్యత. ఇవి ముందు. వృత్తాలు, పరావలయాలు, అతిపరావలయాల జోలికి టైమ్ మిగిలితేనే వెళ్లాలి. సదిశలు, అవకలనం ఫస్టియర్ మొదటి నెలల్లోనే చేసేస్తే ఇంకో లాభం ఉంది: బైపీసీ పిల్లలకి ఫిజిక్స్ అంటే ఉన్న భయంలో సగం నిజానికి మ్యాథ్స్ రాని భయమే. ఏపీలో ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చి మ్యాథ్స్ ఏ, బీ పేపర్లు కలిసిపోయాయి, అధ్యాయాల వరస మారొచ్చు గానీ సరుకు అదే.

ఎంపీసీ తీసుకుంటే బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు పుస్తకాలు రెండూ కొనివ్వండి. కణం, జీవాణువులు, కణవిభజన, వారసత్వం, డీఎన్‌ఏ పాఠం, పరిణామం, మానవ శరీరధర్మశాస్త్రం ముందు చదవాలి. మొక్కల కుటుంబాలు, జంతువుల వర్గీకరణ చివర్లో, సెలవుల్లో. ఆదివారం మధ్యాహ్నాలు చాలు, ఇష్టమున్న పిల్ల కదా, కథల పుస్తకంలా చదివేస్తుంది.

మీరు నరసరావుపేట అన్నారు కాబట్టి ఇంకో మాట. ఏపీ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీకి దారి తెరిచింది, మ్యాథ్స్, బయాలజీ రెండూ తీసుకోవచ్చు. కాగితం మీద వీలుండటం వేరు, కాలేజీలో లెక్చరర్ ఉండటం వేరు. చేర్చే ముందు ప్రిన్సిపాల్‌నే నేరుగా అడగండి: ఎంబైపీసీకి విడిగా సెక్షన్ ఉందా, రెండో సబ్జెక్ట్ క్లాసులు ఏ టైమ్‌లో, ఎవరు చెబుతారు? టైమ్‌టేబుల్ చూపించమనండి. పీఆర్వో మాట లెక్కలోకి తీసుకోకండి, ఏ గ్రూప్‌లో సీట్లు మిగిలితే ఆయన ఆ గ్రూపే మంచిదంటాడు. సీబీఎస్ఈ స్కూల్ అందుబాటులో ఉంటే ఇంగ్లిష్‌తో పాటు ఈ నాలుగూ తీసుకునే పద్ధతి అక్కడ ఎప్పట్నుంచో ఉంది.

రేపు మనసు మారి డాక్టర్ అవుతానంటే, అని వాళ్ల నాన్నమ్మ అడుగుతున్నారని రాశారు. ఎంపీసీ చదివినవాళ్లు పన్నెండు పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్ట్‌గా రాసి నీట్‌కి వెళ్లొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబర్‌లో నోటీసు ఇచ్చింది. కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోదు, కాస్త చుట్టు తిరుగుడు అవుతుంది. కానీ మెడిసిన్ మీద ఇప్పటికే ఎంతో కొంత మనసుంటే మాత్రం ఈ తిరుగుడు వద్దు, బైపీసీలోనే వేయండి.

అన్నిటికన్నా ముందు ఆ ఇష్టం దేని మీదో కనుక్కోండి. పదో తరగతిలో బయాలజీ ఇష్టమంటే చాలామందికి బొమ్మలు చక్కగా వేయడం, మార్కులు బాగా రావడం. అదీ ఇష్టమే, తప్పు పట్టను, కానీ పరిశోధనకి అది చాలదు. బఠానీ మొక్కల లెక్కలు తనంతట తాను చేస్తుందా? పుస్తకంలో లేని ప్రశ్న అడుగుతుందా? వంటింట్లో పెరుగు తోడుకోకపోతే ఎందుకని వెంటపడుతుందా? అలా అయితే మ్యాథ్స్‌కి భయపడదు, కారణం తెలిస్తే తనే చదువుతుంది.

గ్రూప్ ఖాయం చేసేముందు ఐసర్ల అడ్మిషన్ వెబ్‌సైట్‌లో ఉండే పాత ఐఏటీ పేపర్ ఒకటి ప్రింట్ తీసి అమ్మాయి ముందు పెట్టండి. జవాబులు రాయమని కాదు. ఏ ప్రశ్నలు చదవబుద్ధి అవుతున్నాయో టిక్కు పెట్టమనండి. టిక్కులు బయాలజీలోనే ఆగిపోతే నాకు మళ్లీ రాయండి, ఇంకోలా ఆలోచిద్దాం.