ఇరవై ఒకటో గడి

ప్రశ్న: 2024 జూలైలో కంప్యూటర్లు ఆగిపోయి, శంషాబాద్ విమానాశ్రయంలో చేతితో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారని చదివాను. అది వైరస్ కాదు, కెర్నెల్‌లో మెమరీ పొరపాటు అన్నారు. ఫోన్లు హ్యాక్ అయ్యేదీ ఇటువంటి పొరపాట్ల వల్లేనని మా అబ్బాయి అంటున్నాడు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పొరపాట్ల జాతి ఒకటేనండీ, పర్యవసానాలే వేరు. ఆ జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన అప్‌డేట్‌లో 21వ విలువను కూడా చూడమని ఉంది; ప్రోగ్రామ్ దగ్గర ఉన్నవి 20 మాత్రమే. లేని గడిని చదవబోయి అది తనది కాని మెమరీలోకి వెళ్ళింది. మామూలు యాప్ ఇలా చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది. కానీ ఇది నడిచింది విండోస్ కెర్నెల్‌లో. మెమరీని, అనుమతులను అన్ని ప్రోగ్రాములకూ పంచిపెట్టే ఆ మూలభాగంలో తప్పు దొర్లితే, ఇక దేనినీ నమ్మడానికి వీల్లేక యంత్రం మొత్తం ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా ఆగినవి 85 లక్షలు.

మీ అబ్బాయి చెప్పే రకం ఇంతకన్నా లోతైనది. ప్లాట్ల తగాదాలు ఎరిగిన మన నగరవాసులకు దీన్ని వివరించడం తేలిక: రద్దయిన దస్తావేజు పట్టుకొని, ఇప్పటికే మరొకరి పేరున రిజిస్టరైన స్థలంలో గోడ కట్టడం వంటిదది. కెర్నెల్ ఒక చోటును ఖాళీ చేసి వేరే పనికి కేటాయించాక కూడా దాని పాత చిరునామా ఎక్కడో మిగిలిపోతే, దాడి చేసేవాడు ఆ చోట తాను కోరిన సమాచారం చేరేలా చూసి, ఆ చిరునామాను నమ్మిన కెర్నెల్ చేతనే తన పని చేయించుకోగలడు. ఒక యాప్ మరొక యాప్ సమాచారాన్ని చూడకుండా కాపలా కాసేది కెర్నెలే కనుక, ఆ తరువాత అడ్డు చెప్పేవారుండరు.

ఆండ్రాయిడ్‌కు ఆధారమైన లినక్స్ కెర్నెల్ చాలావరకు సి భాషలో ఉంది; ఆ భాషలో ఏ చోటు ఎప్పుడు ఖాళీ అయిందో గుర్తుంచుకునే భారం ప్రోగ్రామర్‌దే. రస్ట్ అనే మరో భాషలో ఇటువంటి తప్పులను చాలావరకు కంపైలరే, అంటే రాసిన కోడ్‌ను యంత్రం నడపగలిగేలా మార్చే సాధనమే, నిరాకరిస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్‌తో లినక్స్ దానికి చోటిచ్చింది. అయితే కోట్ల వరుసల పాత కోడ్ అలాగే ఉంది, దాన్నంతా తిరగరాస్తారని నేననుకోను.

కాబట్టి మీ ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ (ఇటువంటి లోపాలను సరిచేసే అప్‌డేట్) తేదీ చూడండి. అది ఏడాది దాటి, కొత్త అప్‌డేట్లు రావడం ఆగిపోయి ఉంటే, బ్యాంకు పనులకు వేరే ఫోన్ వాడండి.