నాన్నగారి కోపం, అమ్మగారి మౌనం

ప్రశ్న: మాది కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర ఓ ఆంధ్రా క్యాంపు, అంటే ఆంధ్రా నుంచి వలస వచ్చిన రైతుల ఊరు. 1958లో తాతగారు భీమవరం వైపున్న రెండెకరాలు అమ్మేసి, తుంగభద్ర ఎడమ కాలువ కింద పదహారెకరాలు కొన్నారు. అప్పటికి నాన్నగారికి పన్నెండేళ్లు. ఇప్పుడు పొలం కౌలుకిచ్చి, పిల్లల చదువుల కోసం బళ్లారిలో కాపురం పెడదామనుకుంటున్నాను. ఆ మాటెత్తితే నాన్నగారు మండిపడుతున్నారు. ‘పాముల మధ్య పడుకున్నాం, చలిజ్వరాలతో దున్నాం, మీకేం కష్టమొచ్చింది’ అని రోజూ ఇదే. 2024 ఆగస్టులో డ్యామ్ గేటు కొట్టుకుపోయినప్పటి నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు. తెల్లారకుండానే కాలువ గట్టు మీదికెళ్లి నీళ్లు చూసొస్తారు. అమ్మ ఏమీ మాట్లాడదు. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి జ్వరంతో పోయిందని మేనత్త చెబితేనే తెలిసింది. ఇద్దరినీ మాతో తీసుకెళ్దామని ఉంది. నేను చేస్తున్నది తప్పా? (44 ఏళ్ల రైతు)

జవాబు: పిల్లల చదువు కోసం ఊరు మారాలనుకోవడం తప్పు కాదు. అయితే నాన్నగారి కోపంలో మీరు వినని మాట ఒకటుందని నాకనిపిస్తోంది.

పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఊహించుకోండి. వరి తప్ప మరోటి తెలియని గోదావరి డెల్టా నుంచి, జొన్న, పత్తి పండే మెట్ట నేలలోకి వచ్చి పడ్డాడు. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి, తుమ్మ చెట్లు, గడ్డి బీళ్లు. 1953లో డ్యామ్ పూర్తయి కాలువ వచ్చినా, నీళ్లు వచ్చినంత మాత్రాన పొలం కాదు కదా. ఆ నేల వేసవిలో కాలు దిగేంత నెర్రెలిస్తుంది, వానపడితే బండి చక్రం ఇరుసు దాకా కూరుకుపోతుంది. లోతుకు దిగిన గరిక వేళ్లను గునపంతో పెళ్లగించాలి. ఎత్తుపల్లాలు ఎడ్లతోనే చదును చెయ్యాలి. తాగడానికి కాలువ నీళ్లే, గుడ్డలో వడకట్టుకుని. ఇదంతా మీరు వెయ్యిసార్లు విన్నదే. మీరు రాయనిది ఒకటి: ఆయన బడి ఏమైంది? క్యాంపులు వేసిన తొలి రోజుల్లో తెలుగు బడి ఎక్కడుంటుంది? కన్నడం రాని పిల్లాడు పలుపుతాడు పట్టుకునే ఉంటాడు. ఇది నా ఊహే. కానీ నిజమైతే, ఆయన చదువు మానింది ఆ పొలం కోసం. మీరు పొలం వదులుతున్నది చదువు కోసం. ‘మీకేం కష్టమొచ్చింది’ అన్నప్పుడు ఆయన మిమ్మల్ని తిట్టడం లేదేమో, తను పోగొట్టుకున్నదానికి లెక్క అడుగుతున్నారేమో. వాదన ఆపి, ‘మీరు ఏ తరగతిలో మానేశారు నాన్నా’ అని అడిగి చూడండి. చెప్పినంతసేపూ వినండి. కౌలు సంగతి ఆ రోజు ఎత్తకండి.

ఆయన భయంలో పట్టింపు ఒక్కటే లేదు, అనుభవం కూడా ఉంది. 1974లో కర్ణాటకలో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, కౌలుకున్న భూములు సాగుచేసేవాళ్లకు దక్కేలా చేశారు. కౌలురైతుకు అది న్యాయమే, నేను కాదనను. కానీ అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల మీ నాన్నగారు ఎన్ని ఇళ్లలో ఆ గొడవలు చూశారో! ‘కౌలు’ అనగానే ఆయన గుండె ఝల్లుమంటే ఆశ్చర్యం లేదు. పైగా కర్ణాటకలో సాగుభూమి కౌలుకివ్వడం మీద చట్టపరమైన ఆంక్షలు ఇప్పటికీ ఉన్నాయి. నోటిమాట మీద ఇచ్చేయకుండా ముందు లాయరును కలవండి, నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన అనుమానాలు ఆయనే అడగాలి. మీ అక్కచెల్లెళ్లుంటే వాళ్లతోనూ మాట్లాడండి, ఆ పొలంలో వాళ్ల హక్కు సంగతి కూడా అక్కడే తేలుతుంది.

ఇక అమ్మగారు. నాకు ఎక్కువ బెంగ ఆవిడ గురించే. వలస వచ్చిన కుటుంబాల్లో పాము కథ, జ్వరం కథ మగవాళ్లు చెబుతారు. దమ్ము ఎడ్ల కోసం గాజులు తీసిచ్చిన కథ, బిడ్డను ఆ మట్టిలోనే పెట్టిన కథ చెప్పేవాళ్లుండరు. ‘అమ్మ ఏమీ మాట్లాడదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?

అమెరికాలో 1862 నాటి చట్టం కింద గడ్డిమైదానాల్లో 160 ఎకరాలు పొందినవాళ్లు, అది సొంతం కావాలంటే ఐదేళ్లు ఆ భూమి మీదే కాపురం ఉండాలి. అందుకని ఇళ్లు దూరదూరంగా పడ్డాయి. మట్టిగడ్డల ఇంట్లో పగలంతా ఒంటరిగా, గాలి హోరు వింటూ గడిపిన ఆడవాళ్ల వేదన అంతా ఇంతా కాదు. మీ క్యాంపుల్లో ఆ కష్టం ఒక్కటి తప్పింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు వరసగా గుడిసెలు వేసుకున్నారు, పక్కింట్లో మన మాట, మన వరస. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే చెయ్యి పక్కనే ఉండేది. అన్నేళ్ల ఆ ఇరుగుపొరుగును వదిలించి, ఆవిణ్ణి ఓ అపార్ట్‌మెంటులో కూర్చోబెడితే, కోడలు పనిమీద, మనవలు స్కూలుకు వెళ్లాక ఆవిడకు మిగిలేది ఆ ఒంటరితనమే. మీరు ప్రేమతో చేస్తున్నదే ఆవిడకు రెండో వలస అవుతుంది.

అందుకే అమ్మగారిని విడిగా, నాన్నగారు లేనప్పుడు అడగండి. ‘మాతో వస్తావా’ అని కాకుండా ‘నీకెక్కడ ఉండాలనుంది’ అని అడగండి. పోయిన బిడ్డ ప్రస్తావన మీరు తేవద్దు. ఆవిడే తెస్తే ఆపవద్దు.

నా మాటైతే ఈ ఏడాది మీ దంపతులు, పిల్లలు బళ్లారి వెళ్లండి. అదేమంత దూరం కాదు, వారం వారం రావచ్చు. పెద్దవాళ్లను క్యాంపులోనే ఉండనివ్వండి, రాత్రిపూట తోడుకు నమ్మకమైన మనిషిని కుదర్చండి. మిగతా పొలం ఏం చేసినా, ఇంటికి దగ్గరగా రెండెకరాలు నాన్నగారి చేతిలోనే ఉంచండి. నారు ఎప్పుడు పొయ్యాలో, నీళ్లు ఎప్పుడు పెట్టాలో ఆయనే చెప్పాలి.

ఆ నిద్రలేమిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 19వ గేటు పోయిన వారం రోజులకే తాత్కాలికంగా అడ్డుకట్ట వేశారు. అయినా ఆయన చీకట్లో గట్టు మీదికి వెళ్తూనే ఉన్నారంటే ఆందోళన ముదిరినట్టే. ఈ వయసులో కాలు జారితే ఎంత ప్రమాదం! ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. ఆయన రానంటే మీరు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి ముందు మీరే మాట్లాడండి. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.