గెలుపు కిక్‌కి ముందు ఏం జరిగింది?

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో మరపురాని పది ఘట్టాలు అని పేరు పెట్టావు. ఈ ఆట మీద తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్ళు తక్కువ. సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, జరిగే ఆదివారం డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్తే టీవీ ముందు బిర్యానీ ప్లేట్లతో బోలెడంతమంది ఉంటారు. వాళ్ళలో చాలామంది పక్కవాళ్ళు అరిస్తే తామూ అరుస్తారు, ఏం జరిగిందో అడగడానికి మొహమాటపడతారు. అలాంటివాళ్ళ కోసం నువ్వు రాయాలి, తప్పకుండా రాయాలి. అందుకే మొహమాటం లేకుండా నాలుగు మాటలు చెబుతున్నాను.

నీ పది పేరాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మొదటి వాక్యంలో హీరో పేరు, రెండో వాక్యంలో స్కోరు, చివర 'చరిత్ర సృష్టించాడు'. మొదటి వాక్యానికే గెలిచిందెవరో తెలిసిపోతే మిగతాది ఎందుకు చదవాలి? ఆ రోజు ఆ మైదానంలో ఉన్నవాళ్ళెవరికీ తర్వాత ఏం జరగబోతోందో తెలియదు. ఆ తెలియనితనాన్ని పాఠకుడికి ఇవ్వగలిగితే నువ్వు రాసినట్టు. లేకపోతే అది స్కోరు పట్టిక. గొప్ప ఘట్టం ఒక్క మనిషిదీ కాదు, ఒక్క సెకనుదీ కాదు. ముందు జరిగింది చూపించు, పక్కనున్నవాణ్ణి చూపించు, ఓడినవాణ్ణి చూపించు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కిందవన్నీ దీనికి ఉదాహరణలు.

1972 డిసెంబర్ 23, పిట్స్‌బర్గ్, త్రీ రివర్స్ స్టేడియం. 'ఇమ్మాక్యులేట్ రిసెప్షన్' అని అందరూ పిలిచే ఆట. నువ్వు దీనికి నాలుగు వాక్యాలు కేటాయించావు. నేనైతే నాలుగు పేజీలు రాస్తాను. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు పుట్టింది 1933లో. ఆ రోజు వరకు ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, ఒక్క ఆటా గెలవలేదు. ముందు ఇది చెప్పాలి, ఇది లేకపోతే ఆ కేకలకి అర్థం లేదు. ఓక్లాండ్ రైడర్స్ మీద 6-0తో ముందున్నారు. ఇంకో నిమిషం 13 సెకన్లలో ఆట అయిపోతుందనగా రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) కెన్ స్టేబ్లర్ బంతి పట్టుకుని తనే 30 గజాలు పరిగెత్తి, అవతలి జట్టు చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. 7-6. నలభై ఏళ్ళ ఎదురుచూపు మళ్ళీ మట్టిలో కలిసిపోయేలా ఉంది.

ఇక్కడ ఒక్క నియమం చెప్పాలి, ఒక్కటే. పది గజాలు ముందుకు వెళ్ళడానికి జట్టుకి నాలుగు అవకాశాలు. మూడు అయిపోయాయి. నాలుగోది మిగిలింది, పది గజాలూ అలాగే ఉన్నాయి, 22 సెకన్లు ఉన్నాయి. స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా ఇద్దరు ముగ్గురు మీద పడుతుంటే తప్పించుకుని తన జట్టువాడు జాన్ ఫుక్వా వైపు విసిరాడు. బంతి, ఫుక్వా, రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ ముగ్గురూ ఒకేసారి ఢీకొన్నారు. బంతి వెనక్కి ఎగిరిపడింది. అదే అప్పటికి అందరూ చూసింది: విసిరిన బంతి పోయింది, ఆట పోయింది.

స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హారిస్ ఆ ఏడే లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు. ఆ ఎత్తుగడలో అతని పని బ్రాడ్‌షాని కాపాడుతూ వెనక నిలబడటం. బంతి గాల్లోకి వెళ్ళాక అక్కడ అతనికి పని లేదు. అయినా ఆగకుండా బంతి వెళ్ళిన వైపు పరిగెత్తాడు. నేలకి జానెడు ఎత్తులో దాన్ని అందుకుని, అదే పరుగులో చివరి గీత అవతలి ఎండ్ జోన్‌కి వెళ్ళిపోయాడు. గడియారంలో ఐదు సెకన్లు. 13-7తో స్టీలర్స్ గెలిచారు.

నువ్వు 'అదృష్టం వరించింది' అని రాశావు. ఆ మాట కొట్టెయ్. బంతి ఎగిరిపడటం అదృష్టమే, కాదనను. కానీ పని లేని చోట నిలబడిపోకుండా పరిగెత్తడం అలవాటు. పాఠకుడు గుర్తుపెట్టుకునేది ఆ పరుగునే. ఎగిరిపడిన బంతి గురించి ఒక వాక్యం, ఆ పరుగు గురించి ఒక పేరా రాయి.

ఇంకా చాలా ఉంది ఇందులో. ఆ కాలం నియమం ప్రకారం ముందుకి విసిరిన బంతిని, విసిరిన జట్టువాళ్ళే ఇద్దరు వరసగా తాకకూడదు. బంతి ఫుక్వాని మాత్రమే తాకి వెనక్కి వచ్చి ఉంటే హారిస్ పట్టడం చెల్లదు. టేటమ్‌ని తాకి ఉంటే చెల్లుతుంది. అంపైర్లు కాసేపు ఏమీ తేల్చలేదు. రిఫరీ ఫ్రెడ్ స్వేరింజెన్ డగౌట్‌లోకి వెళ్ళి, స్టేడియంలోనే పైన కూర్చున్న లీగ్ అధికారితో ఫోన్‌లో మాట్లాడి, తిరిగొచ్చి టచ్‌డౌన్ చెల్లుతుందని రెండు చేతులూ పైకెత్తాడు. బంతి తనని తాకలేదని టేటమ్ చివరి వరకు చెప్పాడు. ఉన్న ఫిల్ము చూసి ఎవరూ ఖచ్చితంగా తేల్చలేకపోయారు. ఇలాంటి చోట నువ్వు న్యాయమూర్తివి కావద్దు. తేలనిదాన్ని తేలనట్టే రాయి. పాఠకుడు ఆ అనుమానంతోనే నిద్రపోవాలి.

ఆ క్షణంలో స్టీలర్స్ యజమాని ఆర్ట్ రూనీ ఎక్కడున్నాడో తెలుసా? లిఫ్ట్‌లో. ఆట పోయిందనుకుని, కుర్రాళ్ళని ఓదార్చడానికి డ్రెస్సింగ్ రూమ్‌కి దిగుతున్నాడు. జట్టుని స్థాపించింది అతనే. ఆ జట్టు చరిత్రలోకెల్లా పెద్ద క్షణాన్ని చూడలేదు. ఊళ్ళో జనం మాటేమిటి? అప్పట్లో సొంత ఊళ్ళో జరిగే ఆటని ఆ ఊరి టీవీలో చూపించేవారు కాదు, టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే. స్టేడియంలో లేని పిట్స్‌బర్గ్ ప్రజలకి రేడియోనే దిక్కు. నీ వ్యాసంలో 'లక్షలాది కళ్ళు చూస్తుండగా' అని ఉంది. చూడనివాళ్ళ గురించి రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఇలాంటి సంగతులు వెతకడానికి టైమ్ పడుతుంది. పట్టనీ. పది ఘట్టాలు ఎందుకమ్మా నీకు, మూడు చాలు.

'ద క్యాచ్' గురించి నువ్వు బాగా రాశావు. 1982 జనవరి 10, శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్క్, ఫార్టీనైనర్స్ మీద డాలస్ కౌబాయ్స్. ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా ముగ్గురు తరుముతుంటే పక్క గీత వైపు వెనక్కి వెనక్కి పోవడం, ఎండ్ జోన్ వెనక అంచున అతని జట్టువాడు డ్వైట్ క్లార్క్ గాల్లోకి లేచి వేళ్ళ చివరలతో అందుకోవడం కళ్ళకి కట్టావు. బంతి విసిరాక మోంటానా కింద పడ్డాడనీ, క్లార్క్ పట్టుకోవడం అతను చూడలేదనీ రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నిజంగా సంతోషించాను. నీకు కన్ను ఉంది.

కానీ అక్కడే ఆపేశావు. 28-27, ఫార్టీనైనర్స్ ముందున్నారు. ఆట అయిపోలేదు, ఇంకా 51 సెకన్లున్నాయి. డాలస్‌కి కావలసింది ఒక్క ఫీల్డ్ గోల్, అంటే గోల్ స్తంభాల మధ్యకి తన్నే మూడు పాయింట్ల కిక్. డాలస్ క్వార్టర్‌బ్యాక్ డానీ వైట్ విసిరిన బంతిని డ్రూ పియర్సన్ మైదానం మధ్యలో పట్టుకుని దూసుకుపోయాడు, ఎదురుగా అడ్డం లేదు. వెనక నుంచి ఫార్టీనైనర్స్ ఆటగాడు ఎరిక్ రైట్ చెయ్యి చాచి పియర్సన్ జెర్సీ మెడ దగ్గర పట్టి లాగేశాడు. అలా మెడ పట్టి లాగడం అప్పట్లో తప్పు కాదు, తర్వాత ఎన్నో ఏళ్ళకి గాని నిషేధించలేదు. ఆ చెయ్యి రెండంగుళాలు తక్కువ పడి ఉంటే క్లార్క్ ఫొటో పత్రికల ముఖచిత్రం అయ్యేది కాదు. ఆ తర్వాత వైట్ చేతిలోంచి బంతి జారిపోవడంతో ఆట ముగిసింది. క్లార్క్ పేరు అందరికీ తెలుసు. ఎరిక్ రైట్ పేరు ఎవరు తలుచుకుంటున్నారు? నువ్వు తలుచుకో. రచయిత చెయ్యగలిగిన న్యాయం అది.

1967 డిసెంబర్ 31, గ్రీన్ బే 'ఐస్ బౌల్' విషయానికొస్తే, చలి గురించి విశేషణాలు తగ్గించు. మైనస్ 25 డిగ్రీల సెల్సియస్, మైదానం కింద వేసిన వేడి తీగలు పనిచెయ్యలేదు, రిఫరీల ఈలలు గడ్డకట్టి మోగకపోతే నోటితో అరిచి ఆటని ఆపేవారు. ఈ మూడూ చెబితే హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చున్న పాఠకుడికి కూడా వణుకు వస్తుంది. 'ఎముకలు కొరికే చలి' అక్కర్లేదు.

అక్కడ అసలు సంగతి క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ తీసుకున్న నిర్ణయం. గ్రీన్ బే ప్యాకర్స్ 17-14తో వెనకబడి ఉన్నారు, 16 సెకన్లున్నాయి, ఎండ్ జోన్ గీతకి గజం దూరం. అంతకుముందు రెండుసార్లు బంతి తీసుకున్న డానీ ఆండర్సన్ ఆ మంచు మీద పట్టు దొరక్క ఆగిపోయాడు. గడియారం ఆపించుకునే చివరి టైమవుట్ కూడా వాడేశారు. ఫీల్డ్ గోల్ కొడితే సమం. పరుగు విఫలమైతే మళ్ళీ నిలబడే టైమ్ లేదు. స్టార్ కోచ్ విన్స్ లొంబార్డీతో మాట్లాడి వచ్చి, బంతి చక్ మెర్సీన్‌కి ఇస్తున్నట్టు ఆట చెప్పి, ఎవరికీ చెప్పకుండా తనే పట్టుకుని దూరాడు. జెర్రీ క్రేమర్, కెన్ బౌమన్ ముందున్నవాణ్ణి తోసి దారి చేశారు. ఆ ఫొటోలో మెర్సీన్ రెండు చేతులూ పైకెత్తి కనిపిస్తాడు. సంబరమనుకుని చాలామంది అలాగే రాశారు. నువ్వూ అలాగే రాశావు. బంతి తనకే వస్తుందనుకుని దూసుకొచ్చిన మనిషి అతను. స్టార్‌ని వెనక నుంచి తొయ్యడం లేదని రిఫరీకి కనిపించేలా చేతులెత్తానని తర్వాత అతనే చెప్పాడు. ఫొటో చూసి రాసే ముందు అందులో ఉన్న మనిషి ఏం చెప్పాడో వెతుక్కో.

ఇక బఫెలో బిల్స్. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా దగ్గరైన కథ ఇది, నీ జాబితాలో చివరి స్థానంలో పెట్టావు, రెండు వాక్యాలతో. 1991 జనవరి 27, టాంపా, సూపర్ బౌల్. న్యూయార్క్ జెయింట్స్ 20, బిల్స్ 19. ఎనిమిది సెకన్లున్నాయి. బిల్స్ కిక్కర్ స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి ఫీల్డ్ గోల్‌కి కొట్టిన బంతి స్తంభాల కుడివైపుకి వెళ్ళిపోయింది. 'నార్వుడ్ ఓడించాడు' అని రాశావు. ఆ వాక్యం నాకు బాధ కలిగించింది.

రెండో క్వార్టర్ చూడు. బిల్స్ ఆటగాడు బ్రూస్ స్మిత్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ జెఫ్ హాస్టెట్లర్‌ని అతని ఎండ్ జోన్‌లోనే దొరకబుచ్చుకున్నాడు. బంతి ఉన్న చేతి మణికట్టు పట్టుకున్నాడు కూడా. హాస్టెట్లర్ ఎలాగో బంతిని వదల్లేదు. వదిలేసి బిల్స్‌కి దొరికి ఉంటే అది టచ్‌డౌన్. పట్టుకున్నాడు కాబట్టి బిల్స్‌కి రెండు పాయింట్లే వచ్చాయి. ఆట పోయింది ఒక్క పాయింటు తేడాతో! మూడో క్వార్టర్‌లో జెయింట్స్ తొమ్మిదిన్నర నిమిషాల పాటు బంతిని వదలకుండా మైదానమంతా నడిపించారు. మధ్యలో ఒకచోట 13 గజాలు కావాలి, మార్క్ ఇంగ్రమ్ పొట్టి పాస్ అందుకుని మీద పడ్డవాళ్ళనందరినీ విదిలించుకుని ఆ దూరం దాటేశాడు. ఆట మొత్తం 60 నిమిషాల్లో 40కి పైగా బంతి జెయింట్స్ దగ్గరే ఉంది. అప్పటికి ఆ బిల్స్ దాడిని ఆపగలిగినవాళ్ళు లేరు, అందుకని వాళ్ళ చేతికి బంతే ఇవ్వకూడదనుకున్నారు, అంతే. ఇవన్నీ చెప్పాక అప్పుడు నార్వుడ్‌ని తీసుకురా. గడ్డి మైదానం మీద 47 గజాలు ఆ రోజుల్లో ఏ కిక్కర్‌కీ చేతిలో పని కాదు.

ఆ తర్వాత అతను దాక్కోలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో విలేఖరులు అడిగినంతసేపూ నిలబడి ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాడు. మర్నాడు బఫెలో నయాగరా స్క్వేర్‌లో వేలమంది జనం. ఓడిపోయి వచ్చిన జట్టు కోసం, చలిలో. నార్వుడ్ వెనక నిలబడ్డాడు. జనం అతని పేరే పిలవడం మొదలుపెట్టారు, అతను ముందుకొచ్చేదాకా ఆపలేదు. మైక్ ముందు అతనికి మాట సరిగా రాలేదు. ఒక ఊరు తనని ఓడించాడని అందరూ అంటున్న మనిషిని పేరు పెట్టి పిలిచి దగ్గరకి తీసుకుంది. నీ జాబితాలో ఉన్న ఏ టచ్‌డౌన్ దీనికి సాటి వస్తుంది చెప్పు?

నియమాల గురించి అడిగావు కదా, ఎన్ని వివరించాలని. కథ అక్కడికొచ్చేసరికి ఏది తెలియకపోతే పాఠకుడు తట్టుకుని పడతాడో అదొక్కటే, ఒకే వాక్యంలో. ముందే ఒక పేజీ నియమాలు పెడితే ఎవరూ దాటి రారు. ప్రతిదాన్నీ క్రికెట్‌తో పోల్చకు కూడా. మోంటానాని ధోనీ అంటే పాఠకుడికి ధోనీ కనిపిస్తాడు, మోంటానా కనిపించడు. టచ్‌డౌన్, క్వార్టర్‌బ్యాక్ అలాగే ఉంచు, మనవాళ్ళు అలాగే అంటారు. యార్డులని గజాలు చెయ్యి, స్థలాలు కొలుచుకునే మనకి గజమంటే ఎంతో ఒంటికి తెలుసు.

2008 ఫిబ్రవరిలో డేవిడ్ టైరీ బంతిని హెల్మెట్‌కి అదిమిపట్టిన ఘట్టమూ, 2015లో మాల్కమ్ బట్లర్ గీత దగ్గర అడ్డుపడి పట్టుకున్న బంతీ మంచివే, ఇంకో వ్యాసానికి దాచు. బట్లర్‌ది రాసేటప్పుడు మాత్రం, ఆ వారం ప్రాక్టీసులో సరిగ్గా అదే ఎత్తుగడకి అతను దెబ్బతిన్నాడన్న సంగతి నుంచి మొదలుపెట్టు.

ఇప్పటికి మిగతావన్నీ పక్కన పెట్టి బఫెలో ఒక్కటే మళ్ళీ రాసి పంపు. హాస్టెట్లర్ చేతి దగ్గర మొదలుపెడతావో, నయాగరా స్క్వేర్ దగ్గర మొదలుపెడతావో నీ ఇష్టం. పూర్తి ఆట రికార్డింగ్ దొరికితే ముందు అది మొత్తం చూడు, హైలైట్లు కాదు. వచ్చే నెలలోపు పంపితే మా పత్రిక సంపాదకుడితో నేనే మాట్లాడతాను.

ప్రేమతో,
నీ మాస్టారు