మానిఫోల్డ్ మూయకముందే సెల్ఫ్ కొట్టి చూడు

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి లేపే స్టార్టర్ మోటారు) బిగించేశానని, రేపు పొద్దున మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల జత) ఎక్కించి సాయంత్రానికి బండి ఇచ్చేస్తానని ఫోన్‌లో చెప్పావు. కస్టమర్ పూటకోసారి ఫోన్ చేస్తున్నాడని టెన్షన్ పడుతున్నట్టున్నావు. పడితే పడ్డావు గానీ, మానిఫోల్డ్ ముట్టుకునే ముందు ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడు. సెల్ఫ్ బయటికి కనపడే బండి అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు, రెండు మూడు బోల్టుల పని. కొన్ని టొయోటా వీ8 పెట్రోలు ఇంజన్లలో లాగా దాన్ని మానిఫోల్డ్ కింద దాచిన బండికి మాత్రం ఇది తప్పదు. అన్నీ బిగించాక తాళం తిప్పితే టక్కుమని ఊరుకుందనుకో, మళ్లీ మొదటి నుంచీ ఊడదీయాలి.

ఆ బండికి టైమింగ్ బెల్టు కూడా విప్పావా? అది ఫోన్‌లో అడగడం మరిచాను. విప్పి ఉంటే, బెల్టు మార్కులకి సరిగ్గా కూర్చునేదాకా తాళం జోలికి పోకు. క్రాంకు తిరిగి, వాల్వులు తెరిచే క్యామ్ తిరగకపోతే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి. వాల్వులు వంగాయంటే ఇక హెడ్డు దింపాల్సిందే.

మానిఫోల్డ్ తీశాక హెడ్డు మీద పోర్టులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిలో గుడ్డలు కుక్కే ఉంటావు, మంచిదే. కానీ సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ గుడ్డలు ఉండకూడదు. ఇంజన్ తిరిగితే గాలితో పాటు గుడ్డనీ లోపలికి లాగేస్తుంది. ఒక్కొక్కటీ తీసి, టార్చి వేసి ప్రతి పోర్టులోకీ చూడు. వాషర్ గానీ, పాత గ్యాస్కెట్ ముక్క గానీ కనపడితే అయస్కాంతంతోనో, పట్టకారుతోనో తీసెయ్. చుట్టుపక్కల వదులుగా ఉన్న నట్టూ బోల్టూ ట్రేలోకి ఎత్తెయ్. పానాలు, వైర్లు, నీ చొక్కా చేతులు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండాలి.

పెట్రోలు సంగతి కూడా చూసుకో. ఇంజెక్టర్ రైలు విప్పి ఉంటే తాళం ఆన్ చేయగానే పంపు పనిచేసి పెట్రోలు బయటికి చిమ్మొచ్చు. అందుకే ముందే పంపు రిలే పీకేయ్, కాయిల్ కనెక్టర్లూ తీసెయ్. డీజిల్ బండి అయితే హైప్రెషర్ పైపులు విప్పి ఉన్నంతసేపూ అసలు కొట్టొద్దు. ఆ పంపుని ఇంజనే తిప్పుతుంది, రిలే పీకినా ఆగదు.

ఇక ఎర్తు. మనవాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ సగం తగాదా ఇక్కడే. సెల్ఫ్‌కి చాలా బండ్లలో వేరే ఎర్తు వైరు ఉండదు, దాని బాడీ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్‌కి ఆనుకునే చోటే దాని ఎర్తు. రీకండిషన్ చేసిన సెల్ఫ్‌లకి ఆ ముఖం మీద కూడా నిగనిగలాడేలా పెయింటు కొట్టి ఇస్తారు. నీది అలాంటిదైతే విప్పి, వైర్ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించు. అదే చేత్తో పాత సెల్ఫ్‌ని పక్కనే పెట్టి రెండిటి పళ్లూ లెక్కపెట్టు, ముక్కు పొడవు ఒకటేనా చూడు. బ్యాటరీ కేబుల్ నట్టు బిగించి రబ్బరు టోపీ తొడుగు, సన్న వైరు సోలెనాయిడ్‌కి (సెల్ఫ్ మీదుండే కరెంటు స్విచ్చు) గట్టిగా దిగిందో లేదో లాగి చూడు. బ్యాటరీ నెగెటివ్ మాత్రం అన్నిటికంటే చివర కలుపు.

బండి న్యూట్రల్‌లో పెట్టు, హ్యాండ్ బ్రేకు వెయ్యి, చక్రాలకి రాళ్లు పెట్టు. సోలెనాయిడ్ మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి కొట్టే అలవాటు షెడ్లలో చాలామందికి ఉంది, నాకు అస్సలు నచ్చదు. గేరులో ఉందా లేదా అని ఆ స్క్రూడ్రైవర్ అడగదు కదా. తాళంతోనే కొట్టు. మూడు నాలుగు సెకన్లు చాలు, మళ్లీ కొట్టాలంటే అర నిమిషం ఆగి కొట్టు. కుర్రాడెవడినైనా సీట్లో కూర్చోబెట్టి నువ్వు ఇంజన్ దగ్గర నిలబడి విను.

ఇంజన్ ఒకే ఊపున తిరిగితే మంచిది. టకటకా అని ఆగకుండా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందనుకో, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. ఒకే ఒక్క టక్కు వచ్చి ఆగితే కేబులో, ఎర్తో, సోలెనాయిడో. ఝుయ్‌మని సెల్ఫ్ ఒక్కటే తిరుగుతూ ఇంజన్ కదలకపోతే బెండిక్స్ (సెల్ఫ్ ముక్కు దగ్గరి పళ్ల చక్రం) ఫ్లైవీల్ రింగుని పట్టట్లేదు. కర్రుమని పళ్లు గీసుకుంటే మాత్రం వెంటనే ఆపి విప్పు, రింగు పళ్లు కూడా చూడు. రింగు పోతే గేర్‌బాక్స్ దింపాలి.

మీటరు ఉంటే పని ఇంకా తేలిక. కొట్టక ముందు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ ప్లస్‌కీ సెల్ఫ్ స్టడ్డుకీ మధ్య మీటరు పెట్టి కొట్టించు, అర వోల్టు దాటితే కేబులు బాగోలేదు. ఎర్తు వైపూ అలాగే చూడు, అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. వైసులో పట్టి సెల్ఫ్‌ని ఉత్తినే తిప్పి చూశానన్నావు, అది పనికొస్తుంది గానీ కంప్రెషన్ మీద దాని బలం ఎంతో అక్కడ తెలియదు.

అంబాసిడర్ రోజుల్లో సెల్ఫ్ మొండికేస్తే ముందు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లం. 1912లో క్యాడిలాక్ వాళ్లు కరెంటు సెల్ఫ్ పెట్టారు, ఇప్పుడేమో హ్యాండిల్ పెట్టే బొక్క కూడా లేదు. అందుకే ఇదంతా.

సరిగ్గా తిరిగిందా, నెగెటివ్ మళ్లీ విప్పి, పోర్టుల్లో గుడ్డలు పెట్టి ముఖాలు శుభ్రం చేసుకో. గ్యాస్కెట్ కొత్తదే వెయ్, పాతదానికి సీలెంటు పూసి సరిపెట్టకు. పాత సెల్ఫ్ అప్పుడే తుక్కుకి వేయకు, బండి వెళ్లిపోయాక వైండింగ్ షాపులో చూపించు, ఒక్కోసారి కార్బన్ బ్రష్షులు మార్చితే సరిపోతుంది.

అక్కని అడిగానని చెప్పు. రేపు కొట్టాక ఏ చప్పుడు వచ్చిందో ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య