మూడో తరగతికి జంతువుల కథలతో పాఠం చెప్తే ఉపయోగం ఉంటుందా?

కొత్తగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన ఒకరి ప్రశ్న ఇది: "మూడో తరగతి పిల్లలకు జంతువుల కథలు చెప్తే చదువుకు పనికొస్తుందా, ఉత్త టైంపాసేనా? ఏ కథతో మొదలుపెట్టాలి?"

పద్దెనిమిదేళ్ల నుంచి ములుగు దిక్కు పల్లెబడుల్లో పాఠాలు చెప్తున్న. కచ్చితంగా పనికొస్తుంది. కాకపోతే ఒక్క షరతు. కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి?" అని మాత్రం అడగొద్దు.

రెండేళ్ల కింద సంగతి. బడిలో ఇద్దరమే టీచర్లం, తరగతులు ఐదు. మూడు, నాలుగు, ఐదు కలిపి నా గదిలోనే. ఆ రోజు ముసురు పట్టింది, కరెంటు లేదు, బోర్డు కనిపించట్లేదు. పావురాలు, వల కథ ఎత్తుకున్న. వేటగాడు నూకలు చల్లి వల పన్నుతాడు, పావురాలు చిక్కుతాయి, వాటి రాజు చిత్రగ్రీవుడు అందరం ఒక్కసారే లేద్దామంటాడు, వలతో సహా ఎగిరిపోయి ఎలుక దోస్తు దగ్గర వాలతాయి. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో ఈ కథ గోదావరి ఒడ్డున, బూరుగుచెట్టు దగ్గర మొదలవుతుంది. మా పిల్లలు మంగపేట దగ్గర గోదావరి చూసినవాళ్లు, గాలికొచ్చిన బూరుగు దూది వెంట ఉరికేవాళ్లు. మన దిక్కు కథేరా ఇది అని చెప్పిన.

పావురాలు లేచినయ్ అనంగనే, వెనక గోడకు ఆనుకొని కూర్చునే పిల్లాడొకడు నిలబడ్డాడు. జూన్ నుంచి హాజరు పలకడం తప్ప నోరు తెరవనివాడు.

"గట్ల లేవది సార్."

"ఎందుకు లేవదురా?"

"వలకు గుండ్లుంటయ్ గద. తడిస్తే మా బాపుకే భుజం గుంజుతది."

వాళ్ల నాన్న చెరువులో చేపలు పడతాడు. పిల్లాడు ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతున్నాడు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు మొదలైనప్పటి నుంచి ప్రతి పరీక్షలో వెనకబడినవాళ్ల లిస్టులో వాడి పేరుండేది. "గట్ల కాదు, అలా అనాలి" అని నేను ఆ నిమిషంలో దిద్ది ఉంటే వాడు మళ్లీ కూర్చునేవాడు, ఐదో తరగతి దాటేదాకా లేచేవాడు కాదు. పిల్లల నోట్లోంచి మాట బయట పడకముందే దాన్ని దిద్దే అలవాటు మన టీచర్లలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. ఎంత నష్టం చేస్తుందో ఆ రోజే తెలిసింది.

"రేపు వల తెస్తవా?" అని అడిగిన.

తెల్లారి వాళ్ల నాన్న సైకిల్ మీద తెచ్చి వరండాలో దించి, "జర పైలం సార్, చినిగితే మళ్ల అల్లాలంటే కష్టం" అని చెప్పి పోయాడు. విసురు వల. వల కన్నాల్లో ఎండిన నాచు, వరండా అంతా చేపల నీసు. అంచు పొడుగూతా సీసం గుండ్లు. గుండుకో చింతగింజ పెట్టి, పదేసి కుప్పలు చేసి లెక్కపెట్టారు: 212. మధ్యాహ్న భోజనం బియ్యం తూకం మీద పెడితే నాలుగున్నర కిలోలు. పావురం 300 గ్రాముల దాకా తూగుతుందని నేను చెప్పిన. ఐదో తరగతి పిల్ల నేల మీద చాక్‌పీసుతో భాగహారం చేసి, వల 15 పావురాలంత బరువని తేల్చింది. ఒక్క పావురం ఒక్క గుండే లేపుతదని ఇంకొకడి వాదన, అంటే 212 పావురాలు కావాలి. వల పరిచి, దాని కింద అందరూ దూరి కూర్చొని, అన్ని పావురాలు పట్టవని వాళ్లే తేల్చారు. ఇంతలో ఒక పిల్ల, పిట్టల వల వేరే ఉంటది, సన్నగుంటది, గుండ్లుండయ్, కట్టెలు పాతి కడ్తరు అన్నది. అట్లయితే అందరూ ఒక్కసారే గుంజితే కట్టెలు ఊడొస్తయ్ అని ఆ వెనక గోడ పిల్లాడే ఒప్పుకున్నాడు. గంట కొట్టింది కూడా ఎవరికీ వినపడలేదు.

అదే నేను ముందే "ఐకమత్యమే మహాబలం" అని బోర్డు మీద రాస్తే, అందరూ ఒకే రాగంలో అప్పజెప్పి ఊరుకునేవాళ్లు. ఒక బడిలో చూసిన, కథ చెప్పకుండానే నీతి చెప్పమంటే పిల్లలు టకటకా చెప్పేశారు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. చాలా బడుల్లో బొమ్మల కథల పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి, చినుగుతాయని. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే తీసి, పిల్లల చేతుల్లో పెట్టి, ఫొటో దిగి, మళ్లీ లోపల పెడతారు. చినగనివ్వండి. చదివిన పుస్తకమే చినుగుతుంది. గోడల మీద చార్టులేమో జీబ్రా, జిరాఫీ. బర్రె ఎన్ని లీటర్లు ఇస్తుందో, మేక ఏ ఆకు ముట్టదో చెప్పగల పిల్లల ముందు అవెందుకు?

ఏ కథతో మొదలుపెట్టాలంటారా? మీ ఊళ్లో పిల్లలు రోజూ చూసే జీవం ఏదో దాని కథతో. కోతుల బెడద ఉన్న ఊరైతే కోతి, మొసలి కథ చెప్పి చూడండి, ఎంత కొట్లాట అవుతుందో. కథను తప్పు పట్టనివ్వండి, మీరు మధ్యలో దూరకండి.

ఆ పిల్లాడు వారం తర్వాత నోటుబుక్కు తెచ్చి చూపించాడు. వల బొమ్మ గీసి, అంచుకు చుక్కలు పెట్టి, కింద రాశాడు: "మా బాపు వల. 212 గుండ్లు." గుండ్లుకు ల వత్తు కింద సరిగ్గా పడింది.