ఎచూకా రేవుకు మూడంతస్తులెందుకు?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. వంతెన రాకముందు కాళేశ్వరం పోవాలంటే మాకు పడవే దిక్కు. ఆస్ట్రేలియాలో ఎచూకా కూడా ఇట్లాగే రెండు రాష్ట్రాల నడుమ నది దాటే చోట పుట్టిన ఊరని విన్నాం. అక్కడి రేవును మూడంతస్తులుగా ఎందుకు కట్టారు? ఆ నది ఏ రాష్ట్రానిది?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: ఎచూకా అంటేనే అక్కడి ఆదివాసుల మాటలో నీళ్లు కలిసే చోటు. కాంపాస్పే, గౌల్బర్న్ నదులు ఆ దాపునే ముర్రే నదిలో కలుస్తాయి. ద్వీపాంతర శిక్ష అనుభవించిన హెన్రీ హాప్‌వుడ్ 1850లలో అక్కడ పంటు నడిపాడు. ఆ పంటు చుట్టూ ఊరు లేచింది. 1864లో మెల్‌బోర్న్ నుంచి రైలు రాగానే ఊరి దశ తిరిగింది.

ఇక రేవు. చలికాలపు వానలకు, ఆ తర్వాత కొండల మీద మంచు కరిగినప్పుడు ముర్రే పొంగుతుంది, వేసవి చివరికి అడుగంటుతుంది. ఈ రెంటికీ ఎన్నో మీటర్ల తేడా. ఒకే ఎత్తులో కడితే వరదకు రేవు మునుగుతుంది, ఎండాకాలంలో పడవ ఎక్కడో కింద ఉండిపోతుంది. అందుకే మూడంతస్తులు. నీరు ఎంతవరకు ఉంటే ఆ అంతస్తుకు పడవ కట్టేవారు. పై అంతస్తు మీదికి రైలు పట్టాలు వేశారు. ఉన్ని బేళ్లను క్రేనుతో ఎత్తి వ్యాగన్లకు ఎక్కించేవారు. పడవలేమో పక్కన చక్రాలున్న ఆవిరి పడవలు, అడుగు చదును కాబట్టి లోతు లేని నీళ్లలోనూ నడిచేవి.

కలప రెడ్ గమ్, నీలగిరి చెట్టు జాతి. చెదలకూ నీటికీ బాగా ఓర్చుకుంటుంది. అయినా పుచ్చే చోటు ఒకటుంది. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే భాగం చెడదు, తడిసి ఆరి మళ్లీ తడిసే నీటి గీత దగ్గరే కుళ్లుతుంది. కర్రను తినే బూజుకు తడితోపాటు గాలీ కావాలి మరి. మీ దగ్గర పాత గుంజలున్నా అక్కడే గునపం మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే లోపల డొల్లే.

రైళ్లు అన్ని వైపులా పాకేసరికి పడవల బేరం పడిపోయింది. ఒకప్పుడు 300 మీటర్లు దాటిన రేవులో ఇప్పుడు మిగిలింది 75 మీటర్ల చిల్లర.

నది మాత్రం న్యూ సౌత్ వేల్స్‌దే. ఎచూకా ఉన్న విక్టోరియా రాష్ట్రం వైపు గట్టు పై అంచే సరిహద్దని 1980లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. కాబట్టి ఎచూకా ఒడ్డున కూర్చుని ముర్రేలో గాలం వేసినా న్యూ సౌత్ వేల్స్ లైసెన్సే కావాలి. మీవాళ్లెవరైనా అటు వెళ్తుంటే ముందే తీసుకోమనండి.